ఎదురూరి చుట్టం

ఆదోనిలో పత్తి మార్కెట్టుకు పోయే దారిలో పరుపులు కుట్టే మున్వర్‌కు రెండు విద్యలు మాత్రమే పట్టుబడ్డాయని ఆయన భార్య ఖాతూన్ బీ అంటూ ఉంటుంది. చిటికెడు దూది వేళ్ల నడుమ నలిపి అది ఏ నేలలో పండిందో చెప్పడం మొదటిది. ఆదోని ఫుట్‌బాలు జట్టు ఏ ఊరికి ఆడబోతే ఆ ఊరికి దాని వెనకాలే పోవడం రెండవది. ఆయన తన జన్మలో బంతిని కాలితో తన్ని ఎరుగడు. చిన్ననాడే తండ్రి పోయి, పసివాడైన తమ్ముడు ముదస్సిర్ ఒళ్లో పడగా, ఆడుకోవలసిన వయస్సంతా దూది ఏకడంలోనే గడిచిపోయింది. ఆడేవారి వెంట పోవడమే ఆయనకు ఆట. గుంతకల్లు, బళ్లారి, కర్నూలు, ఎమ్మిగనూరు, ఎక్కడికి పోయినా పరాయి ఊరి జనం నడుమ, గోలు కంబాల వెనుక, నేలమీద తువాలు పరచి కూర్చొని గొంతు పోయేదాకా అరచేవాడు. గెలిచిన నాడు లారీలో పాటలతోనూ, ఓడిన నాడు బస్సు కిటికీ వైపు మొగం తిప్పుకొనీ ఇల్లు చేరేవాడు.

అటువంటి మనిషి పన్నెండేళ్లుగా ఎమ్మిగనూరు మైదానంలో కాలు పెట్టలేదు. కారణమడిగిన వారికి మోకాళ్ల నొప్పులని చెప్పేవాడు. అవే మోకాళ్లతో ఆయన గుంతకల్లు రైలెక్కి పోవడం అందరూ చూస్తూనే ఉండేవారు.

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఏటా జనవరి ఇరవై ఆరున ఒక ఆట జరుగుతుంది; ఒక ఏడు ఇక్కడ, మరుసటి ఏడు అక్కడ. ఈ ఆటకొక ఆచారం ఉంది. బస్సులు సరిగా లేని కాలంలో బండ్లమీదా నడకనా వచ్చిన ఎదురూరివారు ఆకలితో మైదానంలో కూర్చొని ఉండడం చూడలేక, పెద్దలెవరో ఒక్కొక్కరినీ ఒక్కొక్క ఇంటికి భోజనానికి పంచుకొన్నారట. నాటినుండి జట్టు వెంట వచ్చే ప్రతివానికీ ఎదురూరిలో ఒక ఇల్లుంటుంది. ఆ ఇంటివారు అతనిని ఎదురూరి చుట్టమంటారు. కట్టుబాట్లు రెండే. భోజనం చేసి గడప దాటేదాకా ఆ కప్పు కింద బంతి మాట ఎత్తరాదు. ఆ ఇంట చూచినది, విన్నది మైదానానికి మోసుకుపోరాదు. వీటిని ఎవరూ కాగితం మీద వ్రాయలేదు, ఎవరూ తప్పలేదు.

మున్వర్ తప్పాడు. తప్పిన సంగతి ఆయనకూ, ముదస్సిర్‌కూ, ఖాతూన్ బీకీ తప్ప నాలుగో మనిషికి తెలియదు.

ఎమ్మిగనూరులో మున్వర్ ఇల్లు మహానంది ఇల్లు. మహానంది దుప్పట్లు నేస్తాడు. పరుపుల గలీబులకు కావలసిన మందపు గుడ్డ మున్వర్‌కు ఆయన మగ్గం నుండే వచ్చేది. ఆట ఆదోనిలో ఉన్న ఏడు మహానంది ఇక్కడికి వచ్చి మున్వర్ ఇంట తినేవాడు. మహానంది మాంసం ముట్టని ఇంటివాడు. ఆయన అడగకపోయినా ఖాతూన్ బీ ఒక కంచు గిన్నె విడిగా ఉంచి, ఆయన వచ్చే ఏడు దానిని చింతపండుతో తోమి, అందులోనే ఆయనకు పప్పు వండేది. మున్వర్ ఎమ్మిగనూరుకు పోవడం మానుకొన్నా మహానంది మాత్రం ఆదోనికి రావడం మానలేదు. ఆ గిన్నె దింపిన ప్రతిసారీ మున్వర్ ఏదో పని కల్పించుకొని అంగడిలోకి జరిగేవాడు.

మొన్న డిసెంబరులో, ఆట ఊసు లేని ఒక మధ్యాహ్నం, మహానంది అంగడికి వచ్చాడు. కుట్టు మధ్యలో ఉన్న పరుపు అంచుమీద కూర్చొని, అన్నాడు.

“ఒక పరుపు కావల్ల మున్వరన్నా. కాళ్ల కాడ మందంగా ఉండల్ల.”

“ఎవురికప్పా?”

“మా హరీశుకు. సలికాలం వస్తే ఆ కాలు గుంజుతాది వానికి. తెల్లార్లూ మూలుగుతాంటాడు.” మహానంది దూది పింజ నొకదానిని పంచెమీద నుండి ఏరి కింద వేశాడు. “నేను సేయించినానని మాత్రం సెప్పాకు. వాళ్లమ్మ సేయించిందని సెప్పు. నా పేరు వింటే నేలమీదన్నా పండుకుంటాడు గాని దాన్ని ముట్టడు.”

మున్వర్ చేతిలోని బారెడు సూది గలీబులోనే ఆగిపోయింది.

“ఎందుకప్పా?”

“పన్నెండేండ్లాయె వాడు నన్ను నాయనా అని పిలిసి. ఒకే ఇల్లు. వాడు పెరటి తలుపున వస్తాడు, నేను వీధి తలుపున వస్తా. నేను తిని లేస్తే వాడు కూసుంటాడు.”

“ఈ కప్పు కింద బంతి మాట వద్దు గదప్పా,” అన్నాడు మున్వర్.

“బంతి మాట గాదన్నా, కొడుకు మాట.” మహానంది గొంతు తగ్గించాడు. “నీకు యాన్నాడూ సెప్పల్యా. ఆ పొద్దు నేను గోవిందన్న టీ అంగట్లో నోరు జారితిని. మా వాని కాలు బాగల్యాదు, ఎట్లాడతాడో ఏమో అంటిని. మీ ఊరోళ్లు ఇద్దరు ఆ పక్కనే టీ తాగుతాండిరి. ఆ మాటే మైదానానికి పోయింది. లేకుంటే కాలు బాగల్యాదని మీ బ్యాకులకు ఎట్లా తెలుస్తాది? ఆస్పత్రిలో నేనే వాని కాళ్లు పట్టుకొని ఏడిస్తి, నేనే సెప్తినిరా అని.”

మహానంది పోయిన తరువాత మున్వర్ సాయంకాలందాకా ఆ సూదిని లాగలేదు.

జరిగినది వేరు. పన్నెండేళ్ల కిందటి ఆ ఉదయం మున్వర్ మహానంది ఇంట మగ్గం గుంట పక్కన చాపమీద కూర్చొని ఉన్నాడు. హరీశ్‌కు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఎమ్మిగనూరు జట్టుకు వాడే ప్రాణం. అంతకు ముందటి ఏడు ముదస్సిర్ కాపలా ఉన్న గోలులో మూడుసార్లు బంతి వేసి, ఆదోని వీధుల్లో ముదస్సిర్‌ను తలెత్తుకోనీయకుండా చేశాడు. ఆట ఉన్నా మగ్గం ఆగదు గనుక ఆ పూటకూడా దుప్పటి నేస్తున్నాడు. గుంట మగ్గం మీద నేసేవాని నడుముదాకానే మనకు కనబడుతుంది. కాళ్లు గుంటలో ఉంటాయి. పోగు మోసుకొని అటూ ఇటూ పరుగెత్తే నాడె చేయి జారి గుంటలో పడింది. దగ్గర ఉన్నవాడు గనుక మున్వర్ తల వంచి తీయబోయాడు. లోపల హరీశ్ కుడి చీలమండ కుండంత వాచి, పసుపూ సున్నమూ పట్టించిన గుడ్డతో కట్టి ఉంది. రెండు తొక్కుడు చెక్కలనూ ఎడమకాలితోనే మార్చి మార్చి తొక్కుతున్నాడు.

హరీశ్ వేలు పెదవులమీద పెట్టాడు. “ఎవురికీ సెప్పొద్దు మామా. తెలిస్తే ఆడనీయరు.”

“సెప్పను నాయనా,” అని మున్వర్ నాడెను వాని చేతికిచ్చాడు.

మైదానంలో ముదస్సిర్ చేతికి తొడుగులు వేసుకొంటూ వణుకుతున్నాడు. తండ్రివలె పెంచిన తమ్ముడు. ఆ వణుకు మున్వర్ చూడలేకపోయాడు. చెవిలో ఒక్క మాట, ఒకే ఒక్క మాట అన్నాడు. “భయపడాకురా. వాని కుడికాలు వాచింది, ఎడమకాలితోనే కొడతాడు. ఆ పక్కకే ఉండు.” ఆ మాట గోలు కంబాల నడుమే ఉండిపోతుందని ఆయన తలచాడు. ముదస్సిర్ ధైర్యం తెచ్చుకొని, ఆ ధైర్యాన్ని తన ముందు నిలబడే బ్యాకులతో పంచుకొన్నాడు. రెండవ సగంలో వారిలో ఒకడు బంతిని వదలి కుడి చీలమండ మీదికే పోయాడు. ఎండుకట్టె విరిచినట్టు వినబడిన ఆ చప్పుడు గోలు వెనుక కూర్చొన్న మున్వర్ చెవిని పడింది. ఆదోని గెలిచింది. లారీలో కప్పు చేతులు మారుతూ ఆయన ఒళ్లోకి కూడా వచ్చింది. ముదస్సిర్ చేతి తొడుగులను అంగట్లో మేకుకు తగిలించి బళ్లారికి పోయి, జీన్సు ప్యాంట్లు కుట్టే పనిలో కుదురుకొన్నాడు. ఫోనులో అన్నదమ్ములు అన్నీ మాటాడుకొంటారు. ఆ మాట తప్ప.

విరిగిన కాలు పొట్టిదై అతుక్కొంది. హరీశ్ మరి మగ్గం తొక్కలేదు. తాను చెప్పిన మాటకు ఒక కాలు పోయిందని మున్వర్ ఇన్నాళ్లూ కుములుతూనే ఉన్నాడు. అదే మాటకు ఒక తండ్రికూడా పోయాడని ఆయనకు ఈ డిసెంబరు దాకా తెలియదు.

మహానంది చెప్పినదంతా విని ఖాతూన్ బీ గోడకు ఆనుకొని కూర్చొంది.

“సెప్తే ఆ ఇంటి గడప మనకు ఉండదు,” అంది.

“ఉండదు.”

“మహానందన్న మళ్లా మన ఇంట్లో ఒక ముద్ద తినడు.”

“తినడు.”

“అట్లయినా పో. సేయని తప్పుకు ఆయప్ప కొడుకు ముందర దొంగ మాదిరి తిరుగుతాండాడు. పో, పోయి సెప్పు.”

మున్వర్ ఆ పరుపు కుట్టడానికి పదిహేను రోజులు పట్టింది. మామూలుగా రెండు రోజుల పని. కాళ్లవైపు దూదిని ఆయన మూడుసార్లు విప్పి మూడుసార్లు మళ్లీ నింపాడు.

ఆట నాడు ఉదయం ఆయన చుట్టిన పరుపును భుజాన వేసుకొని బస్టాండుకు వచ్చేసరికి ఆదోని జనం పాతికమంది అక్కడే ఉన్నారు. బస్సు కండక్టరు అరుణ ఆ చుట్టను చూచి నడుము మీద చేయి పెట్టుకొంది.

“ఏం పెద్దాయనా, ఆట సూడనీకి పోతాండావా, పండుకోనీకి పోతాండావా?”

తప్పెట మెడకు తగిలించుకొని కూర్చొన్న సామ్సన్ ఆయన బదులు అందుకొన్నాడు. “మా బ్యాకులు ఆట మధ్యలో నిద్రపోతాండారక్కా. నేలమీద ఎందుకు పండుకోవల్లని ఈ తూరి పరుపు తెస్తాండాడు.”

బస్సంతా నవ్వింది. మున్వర్ కూడా నవ్వాడు. పన్నెండేళ్ల తరువాత వస్తున్నాడని అందరూ ఆయనకు కిటికీ పక్క చోటిచ్చారు. దారి పొడుగునా పత్తి ఏరిన చేలల్లో ఎండు కట్టెలు నిలబడి ఉన్నాయి. లారీల నుండి ఎగిరిన దూది పింజలు రోడ్డు పక్క తుమ్మకంపలకు చిక్కుకొని గాలికి అల్లాడుతున్నాయి. గడప దాటిన తరువాత, మైదానానికి పోయే దారిలో మహానందికి చెప్పాలని ఆయన మనస్సులో మాటలు కూర్చుకొన్నాడు; ఊరు వచ్చేలోపల నాలుగుసార్లు మార్చాడు.

మహానంది భార్య శ్రీశైలమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది.

“పన్నెండేండ్లకు గుర్తొచ్చిందా అన్నా మా వాకిలి? మోకాళ్లు బాగాయెనా?”

“బాగాయెనమ్మా.”

“ఎట్లా బాగాయె? ఆ మందేదో సెప్పు, నాగ్గూడా కావల్ల.”

పరుపును నడవలో దించినప్పుడు ఆమె కాళ్లవైపు చేయి పెట్టి నొక్కి చూచింది. చెంగుతో ఒకసారి మొగం తుడుచుకొంది. హరీశ్ నేసిన మగ్గం గుంటమీద పలకలు పరచి, వాటిమీద జొన్నల బస్తాలు పెట్టి ఉన్నాయి. హరీశ్ పొద్దున్నే మైదానానికి పోయాడని, మైకులో ఆట చెప్పేది వాడేనని శ్రీశైలమ్మ వడ్డిస్తూ చెప్పబోయి, బంతి మాట వస్తుందని నాలుక కరచుకొంది. జొన్నరొట్టె, వంకాయ కూర, శెనక్కాయల పొడి. మున్వర్ ఒక్క రొట్టెతోనే చేయి కడుక్కొన్నాడు. మహానంది మాత్రం ఎన్నడూ లేని ఉత్సాహంతో రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

గడప దాటారు. వీధిలోకి రాగానే మున్వర్ నోరు తెరిచాడు. అప్పటికే మహానంది చెప్పుకొనిపోతున్నాడు.

“నువ్వు రాకుంటే ఈ దావన నడిసేటప్పుడు పక్కన ఒకరు లేనట్లే ఉండె మున్వరన్నా. మావోళ్లందరూ నాతో మాట్లాడతారు. అయినా ఇంటి సంగతి సెప్పుకోనీకి నీ ఒక్కని కాడనే నోరొస్తాది. ఎందుకంటావు? నువ్వు యాడా మోయవు. మా వాడు గూడా అంటాండె ఆ దినాల్లో, మున్వర్ మామకు సెప్తే బాయిలో ఏసినట్లే అని.”

ఆ మాట తరువాత మున్వర్ కూర్చుకొన్న మాటలన్నీ చెదరిపోయాయి. స్టేడియం వచ్చేసింది. స్టేడియం అన్నది ఊరివారు మురిపెంగా పెట్టుకొన్న పేరే. మైదానానికి ఒక పక్కన పది సిమెంటు మెట్లు, తక్కిన మూడు పక్కలా తాళ్లు కట్టిన గుంజలు. మెట్లు ఊరివారివి. వెంట వచ్చినవారికి ఎప్పటివలెనే ఉత్తరపు గోలు వెనుక నేల. మహానంది మెట్లవైపు, మున్వర్ గోలువైపు విడిపోయారు. ఆయన తన పాత చోటు వెదకి తువాలు పరచుకొన్నాడు. ఆ తువాలు కూడా మహానంది మగ్గంమీదదే.

“ఆదోనోళ్లు కూసున్నారు. ఇంటికి పోయేటప్పుడు నేల దులిపి పోవల్లని మనవి. మా మన్ను గూడా మోసుకపోతారు మీరు!” మైకులో గొంతు ఉరిమింది. మెట్లన్నీ నవ్వాయి. సామ్సన్ తప్పెట మోగించి బదులిచ్చాడు. ఆ గొంతు హరీశ్‌దని మున్వర్‌కు కొంతసేపు నమ్మకం కుదరలేదు. మగ్గం దగ్గర పెదవులమీద వేలు పెట్టి గుసగుసలాడిన ఆ గొంతు ఇంత పెద్దదైంది. బంతి వెంట పరుగెత్తలేని మనిషి బంతి కంటే ముందు పరుగెత్తుతున్నాడు. ఎవడు ఎవనికి అందిస్తాడో, ఎవడు తప్పుతాడో అందించకముందే చెబుతున్నాడు.

మొదటి సగం ఎవరి గోలూ పడకుండానే ముగిసింది. ఆ సగంలో ఏమి జరిగిందని అడిగితే మున్వర్ చెప్పలేడు. ఎదుట మెట్లమీద మూడవ వరుసలో మహానంది ఒక చివర కూర్చొని ఉన్నాడు. కొడుకు గొంతు మైకులో లేచినప్పుడల్లా ఆయన తల చిన్నగా ఊపడం ఇక్కడికి కనబడుతున్నది. ఆ గొంతు తనతో మాటాడే రోజు రెండేళ్లకు ఇదొక్కటే అన్నట్లు, అందరితో కలిపి తనకూ వినబడుతున్నందుకే అన్నట్లు, మెడ చాచి వింటున్నాడు.

రెండవ సగానికి ఈల పడింది. మున్వర్ లేచి, తువాలు అక్కడే వదలి, తాడు వెంబడి నడిచి, మెట్లకు ఎదురుపక్కనున్న మైకు బల్ల దగ్గరికి వచ్చాడు. హరీశ్ ఆయనను చూడగానే మొగమంతా వెలిగించుకొని మైకును నోటి దగ్గరికి తెచ్చుకొన్నాడు.

“అప్పా, సూడండి ఎవురొచ్చినారో! ఆదోని పరుపుల మున్వర్ మామ. పన్నెండేండ్లకు మన మైదానంలో కాలు పెట్టినాడు. ఎదురూరోడైనా మనోడే. సప్పట్లు కొట్టండి!”

మెట్లన్నీ చప్పట్లు కొట్టాయి. మహానంది అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు.

“హరీశా, మైకు కట్టేయి,” అన్నాడు మున్వర్.

“ఏమాయె మామా? ఎవురన్నా తప్పిపోయినారా?” అంటూ హరీశ్ మీట నొక్కాడు.

“ఆ పొద్దు నీ కాలి సంగతి ఈడికి మోసింది మీ నాయన గాదు. నేను.”

హరీశ్ అర్థం కానట్లు చూచాడు. మున్వర్ తడబడలేదు. ముదస్సిర్ వణకడం, చెవిలో చెప్పడం, వాడు బ్యాకులకు చెప్పడం, అన్నీ వరుసగా చెప్పాడు. టీ అంగడిలో మాట ఎవరికీ చేరలేదనీ, చేరినా అంతకు ముందే తాను చెప్పేశాననీ చెప్పాడు. మహానంది తానే చెప్పానని తలచి ఏడ్చాడని తనకు మొన్న డిసెంబరులోనే తెలిసిందనీ చెప్పాడు. క్షమించమని మాత్రం అడగలేదు. అడిగే మాట నోటిదాకా వచ్చినా, తాను వచ్చింది అందుకు కాదని మింగుకొన్నాడు.

“నువ్వు మాటిచ్చింటివి,” అన్నాడు హరీశ్.

“ఇచ్చింటి.”

“గుంటలో తలపెట్టి సూసింది నువ్వొక్కనివే.” హరీశ్ మెల్లగా అన్నాడు. “అయినా నిన్ను ఒక్క పొద్దు గూడా అనుమానించల్యా మామా. మా నాయన నేనే సెప్తినిరా అంటే, ఔను, నువ్వే సెప్పింటావు అంటి. ఆయప్ప మాట నమ్మితి. నీ మీద మాత్రం అనుమానం రానీయకపోతి.”

హరీశ్ మొగం మైదానం వైపు తిప్పుకొన్నాడు.

“పో మామా,” అన్నాడు హరీశ్. “ఈడ నిలబడాకు. పో.”

మున్వర్ గేటువైపు నడిచాడు. వెనుక మైదానం ఒక్కసారిగా హోరెత్తింది. గోలు పడింది. ఎవరిదో చెప్పవలసిన మైకు మూగగా ఉంది.

“ఏయ్ మైకూ! నిద్రపోయినావా?” అని మెట్లమీద నుండి ఎవరో అరచారు.

“కరెంటు పోయిందేమో సూడండప్పా!”

మైకు గురగురమంది. హరీశ్ గొంతు వినబడింది. ఉరిమే గొంతు కాదు. జాతరలో తప్పిపోయిన వారి పేర్లు పిలిచేటప్పుడు మైకులో వినబడేటటువంటి గొంతు.

“నేసే మహానంది… మా నాయన మహానంది యాడున్నా మైకు కాడికి రావల్ల.” కొంచెం ఆగింది. “నాయనా, నేను హరీశును. రా నాయనా.”

మున్వర్ గేటు గుంజ పట్టుకొని తిరిగి చూచాడు. మూడవ వరుస చివర మహానంది లేచి నిలబడ్డాడు. తననేనా పిలిచింది అన్నట్లు పక్కవారిని చూచాడు. మెట్లు దిగి, చుట్టూ తిరిగి రావలసిన మనిషి నేరుగా ఆట మధ్యకే నడిచాడు. రెఫరీ ఈల వేశాడు. ఆటగాళ్లు ఆగిపోయారు. “ఏయ్ పెద్దాయనా, పక్కకు రాప్పా!” అని నలువైపులా కేకలు. ఆయనకు ఏదీ వినబడినట్లు లేదు. మైదానం సగం దాటేసరికి ఆ నడక పరుగైంది. అంతవరకే మున్వర్ చూచి బయటికి వచ్చాడు.

బస్టాండులో ఆదోని బస్సు కదలబోతున్నా ఆయన ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో ఆయనకే తెలియదు. సిమెంటు బల్లమీద కూర్చొని, వచ్చేపోయే నందవరం ఆటోలను చూస్తూ ఉన్నాడు. రెండవ బస్సు వచ్చి నిలబడేసరికి మహానంది వచ్చాడు. ఆయన చేతిలో మున్వర్ తువాలు నాలుగు మడతలు పెట్టి ఉంది.

“నీ తువాలు మరిసి వస్తివి,” అన్నాడు.

మున్వర్ అందుకొన్నాడు. మన్ను దులిపి మడిచిన తువాలు.

“పరుపు నేనే సేయించినానని వానికి సెప్పినా,” అన్నాడు మహానంది. “ఈ రాత్రికి దానిమీదనే పండుకుంటాడంట.”

“మంచిదప్పా.”

మహానంది కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపమో ఏడుపో తెలియడం లేదు. రెండూ ఒకే చోట ఉన్నాయేమో. చుట్టాన్ని సాగనంపేటప్పుడు ఈ రెండు ఊళ్లలోనూ చెప్పే మాట ఒకటుంది. ‘మళ్లా ఏటికి మీ వాకిట్లో’ అనాలి ఇంటి యజమాని. అది వినకుండా చుట్టం బస్సెక్కడు. మున్వర్ మెట్టుమీద ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. కండక్టరు రెండుసార్లు కేక వేసింది, పొద్దుటి అరుణే. పరుపు లేని భుజాన్ని చూచి ఆమె ఏదో అనబోయి, మొగం చూచి ఊరుకొంది. మహానంది పెదవులు కదిలాయి. ఆ మాట బయటికి రాలేదు. బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా మహానంది అక్కడే నిలబడి ఉండడం మాత్రం అద్దంలో కనబడింది.

పొద్దు గూకేవేళకు మున్వర్ ఇల్లు చేరాడు. ఖాతూన్ బీ ఆయనకు నీళ్లిచ్చి ఎదురుగా కూర్చొంది.

“సెప్పినావా?”

“సెప్పినా.”

“కొడుకు పిలిసినాడా ఆయప్పను?”

“పిలిసినాడు. ఊరందరూ వినేటట్లు పిలిసినాడు.”

ఆమె కళ్లు తుడుచుకొని, ప్రతిసారీ అడిగే ప్రశ్నే అలవాటుగా అడిగింది. “ఆటెవురు గెలిసినారు?”

మున్వర్ ఆలోచించాడు. జట్టు వెంట పోయి ఆ సంగతి తెలుసుకోకుండా తిరిగి రావడం ఆయన జీవితంలో అదే మొదలు.

“తెలీదు,” అన్నాడు.

ఖాతూన్ బీ లేచి అటకమీద నుండి కంచు గిన్నెను దింపింది. మళ్లా ఏటి జనవరికి ఇంకా ఏడాది ఉంది. అయినా చింతపండు నానబెట్టి, వాకిట్లో కూర్చొని, దానిని లోపలా బయటా తోమసాగింది.

“ఇప్పుడెందుకది?” అన్నాడు మున్వర్.

“ఊరికే ఉంటే కిలుం పడతాది,” అంది ఆమె తల ఎత్తకుండా. “ఎవురు తిన్నా తినకున్నా.”

కడిగిన గిన్నెను ఆమె గోడవైపు బోర్లించింది. దాని అడుగునుండి నీళ్లు కారి, వాకిలి మన్నులో ఇంకడం మున్వర్ చూస్తూ కూర్చొన్నాడు.